విన్న మాటను జ్ఞాపకం ఎట్లా దాచుకుంటుంది?

వరంగల్ నగరానికి చరిత్రలో ఉన్న పేర్లను వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. తెలుగువారు ఓరుగల్లు అన్నారు. సంస్కృతంలో వ్రాసినవారు దానిని ఏకశిలానగరం చేశారు. 1309-10లో మలిక్ కాఫూర్ ఈ కోటను ముట్టడించిన వృత్తాంతాన్ని పారసీకంలో వ్రాసిన అమీర్ ఖుస్రో అరంగల్ అన్నాడు. 1323లో కోట పడిపోయిన తరువాత సుల్తాన్‌పూర్ అని కొత్త పేరు పెట్టారు గాని అది జనం నోట నిలువలేదు. సుల్తాన్‌పూర్ సంగతి వేరు. అది పాలకులు ఆలోచించి పెట్టిన పేరు. అరంగల్, వరంగల్ అనేవి మాత్రం ఎవరూ కూర్చొని పెట్టినవి కావు. తెలుగు నోటి నుండి వెలువడిన ఒక మాటను పరభాషీయుని చెవి తనకు చేతనైనంత మేరకు పట్టుకొని, తనకు అలవాటైన ధ్వనుల అరలలో సర్దుకొని, తిరిగి పలికినప్పుడు ఏర్పడిన రూపాలవి.

దీనికి ఎదురుదిశలో జరిగిన మార్పు కూడా ఈ నగరంలోనే కనబడుతుంది. హజ్రత్ అఫ్జల్ బియాబానీ (రహ్మ) దర్గాతోను, రైల్వే జంక్షన్‌తోను ప్రసిద్ధమైన కాజీపేట పేరులో, న్యాయాధికారి అనే అర్థం గల అరబీ పదం ఉన్నది. అరబీలో ఆ పదం మొదటి అక్షరం కొండనాలుక దగ్గర నుండి పలికే పెద్ద ఖాఫ్. రెండవ హల్లు నాలుక పక్కభాగాన్ని పై దవడ పళ్ళకు ఆనించి పలికే జ్వాద్. దక్కనీ ఉర్దూ నోటిలో ఆ ఖాఫ్ గొంతు గీరుకొనే 'ఖే'గా మారింది; జ్వాద్ మామూలు 'జే' అయింది. తెలుగు నోటిలో ఆ రెండూ ఇంకా సులువై 'క', 'జ' అయినవి. రైలు దిగే ప్రయాణికునికి దీనివల్ల ఏ నష్టమూ లేదు. కాని అదే చెవితో, అదే నోటితో దివ్య ఖుర్ఆన్ కంఠస్థం చేయబూనిన బాలునికి ఇది చిన్న సంగతి కాదు.

విన్న మాట మనస్సులో ఏ రూపంలో నిలుస్తుంది? టేపు మీద ధ్వని ముద్రపడినట్లు ఉన్నది ఉన్నట్లుగా నిలుస్తుందా, లేక మరేదైనా రూపంలోకి మారి నిలుస్తుందా? మళ్ళీ ఆ మాట వినబడినప్పుడు 'ఇది అదే' అని గుర్తుపట్టేది దేని ఆధారంగా? గత నూట నలభై ఏళ్ళుగా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నల మీద చేసిన కృషిని, మన మక్తబులలో తరతరాలుగా సాగుతున్న హిఫ్జ్ పద్ధతిని పక్కపక్కన పెట్టి చూడడం ఉపయోగకరం. నిజాం పాలన ముగిసిన 1948 వరకు ఓరుగల్లు బడులలో ఉర్దూ బోధనాభాష. ఈనాడు ఈ ప్రాంతపు ముస్లిం పిల్లలలో చాలామంది తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు. గ్రామాలలో తెలుగే ఇంటి భాషగా గల కుటుంబాలు ఎప్పటి నుండో ఉన్నవి. అనగా ఖుర్ఆన్ వాక్కు నేడు ఎక్కువగా తెలుగు చెవులలో పడుతున్నది.

ఒక 'జ', అయిదు అక్షరాలు

తెలుగు చెవి అరబీ ధ్వనిని ఎట్లా పట్టుకుంటుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలకు పోనక్కరలేదు. తాలూకా కచ్చేరీ భాష చాలును. జిల్లా, హాజరు, రాజీ, జామీను, అర్జీ. ఈ అయిదు మాటలలోని 'జ' అరబీలో జ్వాద్. నిజాం, హాఫిజ్ అనే మాటలలో అది జోయ్. నజరానాలో జాల్. జకాత్‌లో జే. జవాబులో జీమ్. అరబ్బుల నాలుకకు, చెవికి ఇవి అయిదు వేరువేరు అక్షరాలు. తెలుగువాడు అయిదింటినీ ఒకే అరలో పెట్టుకున్నాడు.

ఇందులో మరొక తమాషా ఉన్నది. తెలుగులో 'జ' నిజానికి రెండు విధాలుగా పలుకుతాము. జిల్లాలోని 'జి' అంగిలికి నాలుక తాకి పలికేది. హాజరులోని 'జ', రోజులోని 'జు' పళ్ళ దగ్గర పలికేవి. తరువాత వచ్చే అచ్చును బట్టి ఈ భేదం దానంతట అదే వస్తుంది. జిల్లా, హాజరు రెంటిలోను అరబీ మూలాక్షరం జ్వాద్ ఒక్కటే అయినా తెలుగు నోరు దానిని రెండుగా చీల్చింది. జ్వాద్, జే, జాల్ వేరైనా వాటిని ఒకటిగా కలిపింది. కలపడమైనా చీల్చడమైనా వినేవాని భాష నియమం ప్రకారమే జరిగింది గాని వచ్చిన ధ్వని ప్రకారం జరుగలేదు. విన్న మాటను జ్ఞాపకం తన సొంత భాష కొలతలతో కొలిచి దాచుకుంటుందనడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం దొరకదు.

ఉర్దూ ఇంటి భాషగా గలవారు ఈ చిక్కు తమకు లేదనుకోవచ్చును. దక్కనీ పలుకుబడిలో 'కలం' అనే అరబీ పదం 'ఖలం' అవుతుంది. సమాధికి, వార్తకు రెండింటికీ 'ఖబర్' అనే ఒక్క ఉచ్చారణే మిగిలింది. తెలుగువాడు వార్తను 'కబురు' చేసుకొని ఒక గండం గట్టెక్కాడు గాని, ఖుర్ఆన్ అని వ్రాసేటప్పుడు, ఖలీఫా అని వ్రాసేటప్పుడు ఒకే 'ఖ' వాడుతున్నాడు. మొదటిది పెద్ద ఖాఫ్, రెండవది ఖే. ఇక దక్కనీ మాట్లాడేవారిలో చాలామంది తెలుగులోని కల, కళల భేదాన్ని పట్టుకోలేరు. ప్రతి భాషా తన బిడ్డల చెవికి కొన్ని తలుపులు తెరుస్తుంది, కొన్ని మూస్తుంది.

ఈ మూసివేత ఎప్పుడు జరుగుతుంది? 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం దీనికి సమాధానం చెప్పింది. వారు తీసుకొన్న ధ్వనులలో ఒక జంట హిందీలోని త, ట వర్గానికి చెందినది. తెలుగువారికి ఈ భేదం చంటిపిల్లవానికి కూడా తెలిసినంత సులభం. ఇంగ్లీషు మాతృభాషగా గల పెద్దవారికి మాత్రం అది అసలు వినబడదు. అయితే ఇంగ్లీషు కుటుంబాలలో పుట్టిన ఆరు నుండి ఎనిమిది నెలల శిశువులు ఆ భేదాన్ని గుర్తించారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలవరకు తగ్గిపోయింది. పుట్టినప్పుడు చెవి అన్ని భాషలకూ తెరచి ఉంటుంది. ఏడాది నిండేలోగా తన చుట్టూ మాట్లాడే భాషకు పనికివచ్చే భేదాలను నిలుపుకొని, మిగతావాటిని పట్టించుకోవడం మానివేస్తుంది. ఇది లోపం కాదు. వేగంగా వినబడే మాటను వేగంగా గుర్తించడానికి అవసరమైన పొదుపు.

మాటను గుర్తుపట్టే వేగం

ఆ వేగం ఎంతటిదో కూడా కొలిచారు. ఒకరు చదువుతూ ఉండగా వింటూ వెంటనే తిరిగి పలుకమంటే, కొందరు సెకనులో నాలుగోవంతు ఆలస్యంతోనే పలుకగలిగారని విలియం మార్స్‌లెన్-విల్సన్ 1973లో తెలిపాడు. అనగా మాట పూర్తిగా చెవిలో పడకముందే మనస్సు దానిని గుర్తుపట్టుతున్నది. అది ఎట్లా సాధ్యం? 'జవా' అని వినబడేసరికి జవాబు, జవాను, జవాబుదారీ అనేవి అన్నీ మనస్సులో ఒక్కసారి మేల్కొంటవి. తరువాతి ధ్వని 'బు' వినబడగానే జవాను తప్పుకుంటుంది. మిగిలిన వాటిలో సందర్భానికి తగినది నిలుస్తుంది. వినడం అంటే ఖాళీ కుండలో నీరు పోయడం వంటిది కాదు. ముందే ఉన్న మాటలలో నుండి క్షణక్షణం ఎంపిక చేయడం.

ఈ ఎంపికలో మనస్సు ఎంత చొరవ తీసుకుంటుందో 1970లో రిచర్డ్ వారెన్ చేసిన ప్రయోగం చూపింది. ఒక వాక్యంలోని ఒక మాట నుండి ఒక ధ్వనిని పూర్తిగా కోసివేసి, ఆ జాగాలో దగ్గు శబ్దం అతికించి వినిపించాడు. విన్నవారికి మాట సంపూర్ణంగానే వినబడింది. దగ్గు సరిగ్గా ఎక్కడ వచ్చిందో కూడా వారు చెప్పలేకపోయారు. లేని ధ్వనిని జ్ఞాపకం పూరించింది.

సామాన్య సంభాషణలో ఇది గొప్ప వరం. సంతలో, రైలులో, గాలివానలో కూడా మనం ఒకరినొకరు అర్థం చేసుకోగలుగుతున్నది దీనివల్లనే. తిలావత్ నేర్చుకొనేవానికి ఇదే గుణం పొంచి ఉన్న ప్రమాదం. ఉస్తాద్ 'స్వాద్' పలికినా శిష్యుని మనస్సు తనకు తెలిసిన 'స'తో ఆ జాగాను పూరించి, సరిగ్గానే విన్నానని నమ్మిస్తుంది. పదేపదే విన్నా మార్పు రాకపోవడానికి కారణం అశ్రద్ధ కాకపోవచ్చును. వినబడవలసినది ముందే పూరింపబడి ఉండడం కారణం కావచ్చును.

అర్థంలో దీని ఫలితం ఏమిటో మూడు ఉదాహరణలు చాలును. హృదయం అనే మాట పెద్ద ఖాఫ్‌తో మొదలవుతుంది. చిన్న కాఫ్‌తో అదే మాట కుక్క అవుతుంది. 110వ సూరా పేరైన నస్ర్ స్వాద్‌తో వ్రాయబడుతుంది, సహాయమని అర్థం. సీన్‌తో వ్రాసే నస్ర్ 71వ సూరాలో నూహ్ (అలై) జాతివారు పూజించిన ఒక విగ్రహం పేరు. ఆయతుల చివర తరచుగా వచ్చే అలీమ్ అనే పదం ఐన్‌తో మొదలైతే సర్వజ్ఞుడని, అలిఫ్‌తో మొదలైతే బాధాకరమైనదని అర్థం. తెలుగు లిపిలో ఈ జంటలలో చివరి రెండూ ఒకే విధంగా వ్రాయబడుతవి. తజ్వీద్ పండితులు ఇటువంటి పొరపాటును లహ్నె జలీ, అనగా స్పష్టమైన తప్పు, అని వేరుపరచి, సొగసుకు మాత్రమే భంగం కలిగించే లహ్నె ఖఫీతో కలపకుండా ఉంచారు.

పదం పోయి భావం నిలవడం

ఇంతవరకు గుర్తించడం గురించి. దాచుకోవడం విషయంలో మరొక విశేషం ఉన్నది. 1967లో జాక్విలిన్ శాక్స్ అనే పరిశోధకురాలు కొందరికి కథాభాగాలు వినిపించి, వాటిలోని ఒక వాక్యాన్ని కొంతసేపటి తరువాత కొద్దిగా మార్చి మళ్ళీ వినిపించింది. అర్థం మారితే శ్రోతలు వెంటనే పట్టుకున్నారు. అర్థం మారకుండా మాటల పొందిక మాత్రమే మారితే, అర నిమిషం గడవకముందే వారికి ఆ తేడా తెలియకుండా పోయింది. మనుష్యుని సహజమైన జ్ఞాపకం భావాన్ని ఉంచుకొని మాటలను విడిచిపెడుతుంది. ఊరిలో జరిగిన పంచాయితీ సంగతి ఇంటికి వచ్చి చెప్పేవాడు ఎవరి మాటలనూ ఉన్నవి ఉన్నట్లు చెప్పడు, సారం చెబుతాడు.

హిఫ్జ్ దీనికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. తెలుగునాట హిఫ్జ్ చేసే బాలునికి సాధారణంగా అరబీ అర్థం తెలియదు. భావమనే తోడు లేకుండా 114 సూరాలు, ఆరువేల రెండువందలకు పైబడిన ఆయతులు ఒక్క స్వరం అటు ఇటు కాకుండా నిలుపుకోవాలి. ఇక్కడే ఇబ్నె సీనా చేసిన విభజన జ్ఞాపకం వస్తుంది. 980 నుండి 1037 వరకు జీవించిన ఈ హకీము మనస్సులోని అంతరేంద్రియాలను వివరిస్తూ, ఇంద్రియాలు తెచ్చిన రూపాలను భద్రపరచే శక్తి వేరని, ఆ రూపాల నుండి గ్రహించిన భావాలను భద్రపరచే శక్తి వేరని చెప్పాడు. మొదటిదానిని ఖయాల్ అని, రెండవదానిని హాఫిజా అని అన్నాడు. ఆయన వాటికి మెదడులో చూపిన స్థానాలను నేటి శాస్త్రం అంగీకరించదు. కాని మాట రూపం ఒకచోట, భావం మరొకచోట అనే విభజన శాక్స్ చూపినదానికి ఎంత దగ్గరగా ఉన్నదో గమనించవచ్చును. అక్షరాల ధ్వనులు ఎట్లా పుట్టుతవో కూడా ఆయన ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం వ్రాశాడు.

భావం లేని ధ్వనులు ఎంత త్వరగా జారిపోతవో మొదట కొలిచినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థం లేని అక్షరముక్కలను తానే వల్లెవేసి, తానే మరచి, ఎంత మరచిందీ లెక్కకట్టి 1885లో ప్రచురించాడు. ఒక గంట గడిచేసరికే సగానికి పైగా పోయింది. ఆ తరువాత మరపు వేగం తగ్గింది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఒకేసారి 68 పర్యాయాలు వల్లెవేసినందువలన కలిగిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 పర్యాయాలు వల్లెవేస్తేనే కలిగింది.

మన మద్రసాలలో సబఖ్, సబ్‌ఖీ, ఆమూఖ్తా అనే మూడు వరుసలు ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. ఈనాటి కొత్త పాఠం సబఖ్. గత కొద్దిరోజులలో నేర్చినది సబ్‌ఖీ. అంతకుముందు నేర్చిన పాతపాఠం ఆమూఖ్తా. మూడూ ప్రతిదినమూ అప్పజెప్పాలి. ఎబ్బింగ్‌హౌస్ గీత గీసి చూపిన మరపు కాలానికి సరిగ్గా అడ్డుకట్టలు వేసినట్లుగా ఉన్నది ఈ ఏర్పాటు. కంఠస్థమైన ఖుర్ఆన్‌ను, కట్టువిప్పుకొని పోయే ఒంటెతో దైవప్రవక్త (సఅసం) పోల్చిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోను ఉన్నది. ఆయన స్వయంగా ప్రతి రమజానులో జిబ్రీల్ (అలై)తో కలిసి అంతవరకు అవతరించిన భాగాన్ని పునశ్చరణ చేసేవారు. చివరి సంవత్సరం రెండుసార్లు చేశారు.

కొత్త సబఖ్ ఇషా తరువాత వల్లెవేసి, నిద్రించి, ఫజ్ర్ తరువాత అప్పజెప్పే అలవాటు చాలాచోట్ల ఉన్నది. నికొలాస్ డ్యూమే, గారెత్ గాస్కెల్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కొత్తగా విన్న మాట మనస్సులోని పాత మాటలతో కలిసి, వాటితో పోటీపడే స్థితికి రావడం ఒక రాత్రి నిద్ర గడిచిన తరువాతనే జరుగుతుంది. పగలు అంతే కాలం మెలకువతో గడిపితే జరుగలేదు. దీనిని బట్టి ఆ అలవాటును శాస్త్రం పూర్తిగా నిరూపించిందని చాటడం తొందరపాటు అవుతుంది. ప్రయోగం విడి మాటల మీద జరిగింది, ఆయతుల మీద కాదు. అయినా పిల్లవాని నిద్ర తగ్గించి సబఖ్ పెంచాలనుకొనే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవడం మేలు.

ఆయతును ఎంతెంత ముక్కలుగా నేర్పాలి అనేదానికి కూడా ఒక కొలత దొరికింది. అప్పుడే విన్న మాటలను మనస్సు లోలోపల పలుకుకుంటూ నిలుపుకొనే చిన్న వలయం ఒకటి ఉన్నదని అలన్ బాడ్లీ, గ్రహమ్ హిచ్ 1974లో ప్రతిపాదించారు. సుమారు రెండు సెకన్లలో పలుకగలిగినంత మాత్రమే అందులో ఇముడుతుందని మరుసటి ఏడు బాడ్లీ, ఆయన సహచరులు చూపారు. ఉస్తాద్ రెండు మూడు మాటలు పలికి ఆగడం, శిష్యుడు వెంటనే తిరిగి పలకడం, ఆ తరువాత ముక్కలను అతికి ఆయతుగా చేయడం అనే తల్ఖీన్ పద్ధతి ఈ కొలతకు అనుగుణంగానే ఉన్నది. కళ్ళతో చదివినదాన్ని కూడా ఈ వలయం ధ్వనిగానే మార్చుకుంటుంది. 1964లో కాన్రాడ్ అనే శాస్త్రజ్ఞుడు అక్షరాలను తెరపై చూపి జ్ఞాపకం నుండి వ్రాయమన్నప్పుడు, చూడడానికి ఒకే రకంగా ఉన్న అక్షరాలను గాక, వినడానికి ఒకే రకంగా ఉన్న అక్షరాలను జనం తారుమారు చేశారు. తెలుగు లిపిలో అచ్చయిన సూరాల పుస్తకం చదివేవారు ఈ సంగతి గమనించాలి. కన్ను 'జ' అని చూస్తే లోపలి నోరు తెలుగు 'జ'నే పలుకుతుంది. జ్ఞాపకంలోకి చేరేది ఆ తెలుగు 'జ'నే.

తరావీహ్‌లో లుఖ్మా

రమజాను రాత్రులలో ఇమాము వెనుక వరుసలో నిలిచే సామె అనే మరొక హాఫిజ్ చేసే పని జ్ఞాపకశక్తి స్వభావాన్ని ప్రతి సంవత్సరం బహిరంగంగా చూపుతుంది. ఇమాము ఒకచోట ఆగిపోతాడు. వెనుకనుండి సామె ఒకటి రెండు మాటలు అందిస్తాడు. దానినే లుఖ్మా అంటారు. అంతే, ఆగిన ధార పేజీల పర్యంతం మళ్ళీ సాగిపోతుంది. పోయిందనుకొన్నది పోలేదు, దానిని లాగే దారపు కొన మాత్రమే చేజారింది. వరుసగా నేర్చినదానిలో ప్రతి మాటా తరువాతి మాటకు తాళంచెవి. అందుకే ఎంత గట్టి హాఫిజ్ అయినా ఆయతును మధ్యనుండి అందుకోమంటే ఒక క్షణం వెనక్కు వెళ్ళి, మొదటినుండి ఊపు తెచ్చుకుంటాడు.

ఆ సామెనే ఇమాము స్థానంలో నిలబెడితే అతడు కూడా అక్కడే ఆగవచ్చును. ఎదుట వినబడిన తప్పును గుర్తించడం ఒక శక్తి. ఏమీ వినబడకుండా లోపలినుండి తీయడం మరొక శక్తి. మొదటిది ఎప్పుడూ సులభం. ఇమామ్ బుఖారీ (రహ్మ) బాగ్దాదు వెళ్ళినప్పుడు పదిమంది తలకు పది చొప్పున నూరు హదీసులను, వాటి ఇస్నాదులను తారుమారు చేసి వినిపించారని, ఆయన అన్నింటినీ సరిచేశారని ప్రసిద్ధమైన వృత్తాంతం ఉన్నది. దానిపై హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) చేసిన వ్యాఖ్య లోతైనది. తప్పును సరిచేయడం అంత ఆశ్చర్యం కాదు, ఆయన హాఫిజ్ కదా. ఆ తప్పులను వారు చెప్పిన వరుసలోనే ఒక్కసారి వినడంతో నిలుపుకోవడమే ఆశ్చర్యమని ఆయన అభిప్రాయం. గుర్తించడానికి, తలచుకోవడానికి ఉన్న భేదాన్ని ప్రయోగశాలలు రాకముందే పట్టిన మాట ఇది.

ఇమాములు ఎక్కువగా ఆగేది, దారి తప్పేది ముతషాబిహ్ ఆయతుల దగ్గర, అనగా రెండు మూడు చోట్ల దాదాపు ఒకే మాటలతో వచ్చేవాటి దగ్గర. అక్కడ దారపు కొన ఒకటే, దానికి తగిలిన దారాలు రెండు. బఖరా సూరాలో నడుస్తున్న తిలావత్ తెలియకుండానే మాయిదా సూరాలోకి జారిపోతుంది. ఇది పాత సమస్య. హిజ్రీ 189లో మరణించిన ఇమామ్ కిసాయీ (రహ్మ) ఇటువంటి ఆయతులను సేకరించి ఒక గ్రంథమే కూర్చాడు. ఏడుగురు ప్రసిద్ధ ఖారీలలో ఒకడైన ఆయనకే ఆ అవసరం తోచిందంటే సామాన్య విద్యార్థి సిగ్గుపడవలసినది లేదు.

ఇక్కడ అర్థజ్ఞానం చేసే మేలు స్పష్టంగా కనబడుతుంది. బీదరికం వలన సంతానాన్ని చంపవద్దని నిషేధించే ఆయతు అన్ఆమ్ సూరాలో (6:151) ఒకటి, ఇస్రా సూరాలో (17:31) ఒకటి ఉన్నవి. మొదటిదానిలో జీవనోపాధి వాగ్దానం తల్లిదండ్రులకు ముందు, సంతానానికి తరువాత. రెండవదానిలో సంతానానికి ముందు, తల్లిదండ్రులకు తరువాత. అర్థం తెలియనివానికి ఇది గుడ్డిగా గుర్తుంచుకోవలసిన తిరకాసు. ముఫస్సిరులు కారణం చెప్పారు: మొదటి ఆయతు ఇప్పటికే బీదరికంలో ఉన్నవారి గురించి, కనుక వారి భుక్తి ముందు చెప్పబడింది, రెండవది సంతానం వలన బీదరికం వస్తుందేమో అని భయపడేవారి గురించి, కనుక సంతానపు భుక్తి ముందు చెప్పబడింది. ఈ వివరణ ఒకసారి విన్న బాలుడు ఈ రెంటినీ తారుమారు చేయడం అరుదు. వారం రోజుల వల్లెవేత చేయలేని పనిని ఒక వాక్యం చేస్తుంది. తెలుగులో మంచి అనువాదాలు అందుబాటులో ఉన్న ఈ కాలంలో హిఫ్జ్ విద్యార్థికి కనీసం ముతషాబిహ్ ఆయతుల భావమైనా తెలుగులో చెప్పకపోవడం ఉన్న సాయాన్ని కాలదన్నుకోవడమే.

వయసు మీరినవారి సంగతి

చెవి ఏడాది వయసులోనే తలుపులు మూస్తుందంటే, నలభై ఏళ్ళ వయసులో తిలావత్ దిద్దుకోవాలనుకొనే తెలుగు ముస్లిం ఆశ వదులుకోవలసిందేనా? అక్కరలేదు. మూసిన తలుపుకు తాళం పడలేదు. జపాను భాష మాట్లాడే పెద్దవారికి ఇంగ్లీషులోని ర, ల భేదం వినబడదని 1970ల నుండి తెలిసిన సంగతి. 1991లో లోగన్, లైవ్లీ, పిసోనీ అనే ముగ్గురు అటువంటివారికి కొన్ని వారాల శిక్షణ ఇచ్చారు. అందులో కిటుకు రెండు విషయాలలో ఉన్నది: ఒకరి కంఠం కాక అయిదారుగురి కంఠాలు వినిపించడం, ప్రతి జవాబుకూ తప్పొప్పులు వెంటనే చెప్పడం. ఫలితం మెరుగైంది. తరువాత జరిగిన పరిశోధనలలో ఆ మెరుగు నెలల తరబడి నిలిచిందని, వినికిడిలో వచ్చిన మార్పు ఉచ్చారణలో కూడా కనబడిందని తేలింది.

అనేక కంఠాలు ఎందుకు? జ్ఞాపకం మాటతోపాటు పలికినవారి గొంతును కూడా కొంతవరకు దాచుకుంటుంది. ఒకే గొంతులో మళ్ళీ వినబడిన మాటను సులభంగా గుర్తిస్తామని 1993లో పాల్మెరీ బృందం చూపింది. ఒకే ఖారీ రికార్డును వందసార్లు విన్నవానికి ఆ ఖారీ రాగం వస్తుంది. స్వాద్ వస్తుందన్న హామీ లేదు. అయిదుగురు ఖారీల నోట స్వాద్ విన్నప్పుడు గొంతులు మారి అక్షరం మాత్రం మారకుండా మిగులుతుంది. అప్పుడు చెవి దానిని ప్రత్యేకంగా పట్టుకుంటుంది. ఇక తప్పును వెంటనే చెప్పడం రికార్డు వలన కాదు. మనస్సు తన తప్పును తానే పూరించుకొని దాచేస్తుందని వారెన్ దగ్గు ప్రయోగంలో చూశాము. ఎదుట కూర్చొని వినే మరొక చెవి కావాలి. హజ్రత్ ఉస్మాన్ (రజి) ముస్హఫ్ ప్రతులను నగరాలకు పంపినప్పుడు వాటితోపాటు పఠించి నేర్పేవారిని కూడా పంపారని మన చరిత్రకారులు తెలిపిన సంగతిలోని వివేకం ఇదే.

నేర్చుకొనేవారికి తెలుగు నుండే ఒక సాయం కూడా ఉన్నది. తెలుగు వర్ణమాల హల్లులు గొంతు దగ్గర పుట్టే క వర్గంతో మొదలై, అంగిలి, దంతాల మీదుగా పెదవుల ప వర్గానికి చేరుతవి. క్రీస్తుశకం 8వ శతాబ్దిలో ఖలీల్ బిన్ అహ్మద్ తన 'కితాబుల్ ఐన్' నిఘంటువులో అరబీ అక్షరాలను ఇదే పద్ధతిలో, గొంతు లోతులలో పుట్టే ఐన్‌తో ప్రారంభించి పెదవుల వరకు వరుసపరచాడు. మఖారిజ్ అంటే ఏమిటో క, చ, ట, త, ప చదివిన తెలుగు బాలునికి సగం తెలిసినట్లే. త, ట ల మధ్య నాలుక ఎక్కడికి కదులుతున్నదో గమనించమని చెప్పి, అదే నాలుక వెనుకభాగాన్ని పైకి ఎత్తి 'తే'ను 'తోయ్'గా, 'సీన్'ను 'స్వాద్'గా మార్చి చూపవచ్చును. 'క' పలికే చోటునుండి ఇంకా వెనుకకు, కొండనాలుక దాకా జరిపితే పెద్ద ఖాఫ్ వస్తుంది. ఒక పూటకు ఒక జంట. సీన్, స్వాద్ కుదిరిన తరువాతనే జే, జోయ్. తడబడుతూ కష్టంగా చదివేవానికి రెండు పుణ్యఫలాలు ఉన్నవని హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా ఉల్లేఖించబడిన హదీసు ఇటువంటి విద్యార్థుల కొరకే.